సింగరాచారి సముద్రపు గడియారం

కోరంగి రేవులో సింగరాచారి అనే పనివాడు ఉండేవాడు. అతని చేతిలో ఇత్తడి చెప్పినట్టు వినేది గాని, అతని పనిలో తప్పుందని ఎవరైనా అంటే మాత్రం మనిషి అగ్గిమీద గుగ్గిలమయ్యేవాడు.

ఒకసారి గంట బోలుగా మోగుతోందని పూజారి వచ్చి చెబితే, "ముందు మీ చెవిలో గులిమి తీయించుకోండి" అన్నాడు. ఇంకోసారి గొళ్ళెం పడటం లేదని ఒకావిడ వస్తే, "మీ తలుపే వంకర" అని పంపేశాడు. నిజం చెప్పాలంటే ఆ తలుపు వంకరే. గంట మాత్రం బోలుగానే మోగేది.

అతని భార్య సుభద్ర నవ్వుతూ అనేది: "మీకు దేవుడు పనితనం దోసిలితో పోశాడు. చెవుల దగ్గరికి వచ్చేసరికి దోసిలి ఖాళీ అయిపోయినట్టుంది."

ఆ మాట కూడా అతను వినిపించుకునేవాడు కాదు.

ఇదంతా ఓడలకు ఆవిరి యంత్రాలు రాని నాటి సంగతి. అప్పట్లో కోరంగి ఓడలు తెరచాపలెత్తి, బంగాళాఖాతం దాటి, బర్మాలోని రంగూన్ రేవుకు వెళ్ళి వచ్చేవి. మనవాళ్ళు ఆ రేవును రంగం అనేవారు. దారిలో పెద్ద చిక్కు ఒకటి ఉండేది. ఉత్తరానికి ఎంత వచ్చామో, దక్షిణానికి ఎంత దిగామో మధ్యాహ్నపు సూర్యుడి ఎత్తు చూసి చెప్పేయవచ్చు. తూర్పుకు ఎంత పోయామో, పడమరకు ఎంత తిరిగొచ్చామో చెప్పడం మాత్రం ఎవరి వల్లా అయ్యేది కాదు. ఓడ నడిపే సరంగు గాలి జోరు చూసి, పక్కన పరుగెత్తే నురగ చూసి, ఇంత దూరం వచ్చి ఉంటాం అని అనుకోవడమే. ఆ అనుకోవడం తప్పితే, ఒడ్డు ఇంకా రెండు రోజుల దూరంలో ఉందనుకున్న ఓడ ఏ ఇసుక దిబ్బకో కొట్టుకుని ముక్కలయ్యేది.

అలా ఒకే ఏడు రెండు ఓడలు పోయాయి. రెండూ బంగారమ్మ గారివే. భర్త పోయాక ఓడల వ్యాపారం ఒంటి చేత్తో నడిపిన మనిషి ఆవిడ. ఓడలు పోయినందుకు ఆవిడ కన్నీరు పెట్టలేదు. వాటిలో పోయిన మనుషుల ఇళ్ళకు వెళ్ళి వచ్చిన రోజున మాత్రం అన్నం ముట్టలేదు. ఆ తరవాత రేవులో పందిరి వేయించి, ఊరందరినీ పిలిపించింది.

"సముద్రం మధ్యలో ఉన్న ఓడ కోరంగికి తూర్పున ఎంత దూరంలో ఉందో చెప్పే ఉపాయం నాకు కావాలి. ఎవరికి తోచింది వాళ్ళు చెప్పండి. నవ్వులాటగా ఉంటుందేమోనని సిగ్గుపడకండి" అంది.

జనం నిజంగానే సిగ్గుపడలేదు. ఒక చేపల వర్తకుడు లేచి, కోరంగి నుంచి రంగం దాకా పది ఆమడలకు ఒకటి చొప్పున పడవలు లంగరేసి, వాటిలో డప్పులవాళ్ళను కూర్చోబెట్టాలన్నాడు. డప్పు దెబ్బలు లెక్కపెట్టుకుంటూ పోతే దారి తెలుస్తుందట.

"మరి తుఫాను వస్తే?" అని అడిగింది బంగారమ్మ గారు.

"అప్పుడు ఇంకా గట్టిగా కొడతారండి" అన్నాడు వర్తకుడు.

తరవాత ఒక రైతు లేచాడు. "ఓడలో కోరంగి కోడిపుంజును పెట్టుకెళ్ళండమ్మా. అది కోరంగిలో తెల్లారే వేళకే కూస్తుంది. ఓడ దగ్గర పొద్దు ఎప్పుడు పొడిచిందో, కోడి ఎప్పుడు కూసిందో చూసుకుంటే ఎంత దూరం వచ్చామో తెలిసిపోదూ?"

వెనక నిలబడ్డ నూకన్న గట్టిగా నవ్వాడు. ముప్ఫై ఏళ్ళుగా ఓడల మీద వంట చేస్తున్న మనిషి అతను. "మూడో రోజుకల్లా అది ఎక్కడి పొద్దు సూత్తే అక్కడి పొద్దుకే కూత్తాదండి. నాలుగో రోజుకి నా కుండలో కూరవుద్ది" అన్నాడు.

పందిరంతా గొల్లుమంది. నవ్వనివాడు ఒక్క సింగరాచారే.

"కోడి పనికిరాదు గాని, కోడి వెనక ఉన్న లెక్క పనికొస్తుందమ్మా" అన్నాడు అతను లేచి. "రోజుకు అరవై గడియలు. తూర్పున ఉన్నవాళ్ళకు సూర్యుడు మనకంటే ముందు నడినెత్తికి వస్తాడు. కోరంగి పొద్దును మరిచిపోని గడియారం ఒకటి ఓడలో ఉంటే చాలు. ఓడ మీద సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు ఆ గడియారం చూడాలి. అందులో మధ్యాహ్నానికి ఇంకా ఒక గడియ ఉందంటే, కోరంగికి తూర్పున దాదాపు యాభై ఆమడల దూరంలో ఉన్నట్టు. అర గడియ ఉందంటే పాతిక ఆమడలు."

పంచాంగం రాసే సిద్ధాంతి గారు తల ఊపారు. "లెక్క సరైనదే. ఊరికీ ఊరికీ ఉండే ఆ తేడాను మేం దేశాంతరం అంటాం. రంగానికీ మనకూ రెండు గడియల పైన మూడో వంతు ఉంటుంది" అన్నారు.

తెల్లదొరల సీమలో ఎవరో అలాంటి గడియారం చేశారని రేవులో వదంతి ఉండేది. కాని దాన్ని కళ్ళారా చూసినవాళ్ళు కోరంగిలో లేరు. "నువ్వు చెయ్యగలవా ఆచారీ?" అంది బంగారమ్మ గారు. "చేసి చూపిస్తాను" అన్నాడు సింగరాచారి.

మొదట అతను గడియ గిన్నెతో ప్రయత్నించాడు. అడుగున సన్నని చిల్లు ఉన్న రాగి గిన్నె అది. నీళ్ళ తొట్టిలో వదిలితే సరిగ్గా ఒక గడియకు నిండి మునుగుతుంది. పెళ్ళి ముహూర్తాలకు వాడేవారు. దాన్ని పడవలో పెట్టి గోదావరి పాయలోకి వెళ్ళాడు. పడవ ఇటు ఊగింది, నీళ్ళు అటు ఊగాయి, గిన్నె బుడుంగున మునిగింది. ఒడ్డున ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. "గిన్నెలో తప్పేం లేదు. గోదావరే కుదురుగా లేదు" అన్నాడు సింగరాచారి.

కాని ఇంటికి వెళ్ళి గిన్నెను అటకెక్కించాడు. దొరల గడియారాలు బాగుచేసిన అనుభవం ఉంది కనుక, చుట్టిన ఉక్కు తీగతో నడిచే గడియారం చేయడం మొదలుపెట్టాడు. మూడేళ్ళు పట్టింది. ముఖం మీద అరవై గడియల గీతలు గీశాడు. ఓడ ఊగినా గడియారం ఊగకుండా ఒక వలయంలో ఇంకో వలయం పెట్టి ఉయ్యాల చట్రం కట్టాడు. ఇరుసులకు పోయడానికి నూనె కావలసి వచ్చింది. ఆముదం చిక్కన. అందుకని కొబ్బరినూనెను కాచి, నాలుగుసార్లు వడకట్టి, కన్నీటి బొట్టంత తేటగా చేసి పోశాడు. గడియారం టిక్కుటిక్కుమని బయలుదేరింది. ఆ రోజు సుభద్ర దానికి దిష్టి తీసింది.

భాద్రపదంలో బంగారమ్మ గారి ఓడ రంగానికి బయలుదేరింది. ముప్ఫై రెండుమంది మనుషులు. లోవయ్య సరంగు. నూకన్న వంట. గడియారాన్ని కనిపెట్టుకుని ఉండటానికి సింగరాచారి కూడా ఎక్కాడు. బయలుదేరే ముందు బంగారమ్మ గారు ఒక్కటే మాట చెప్పింది: "ఇది సరిగ్గా వెళ్ళి సరిగ్గా వస్తే నా ప్రతి ఓడకూ ఒకటి పెట్టిస్తాను. కాని ఆచారీ, నాకు గడియారం కంటే మనుషులు ముఖ్యం. నా మనుషుల్ని నాకు తెచ్చి ఇవ్వు."

వెళ్ళేటప్పుడు గడియారం అద్భుతంగా నడిచింది. రోజూ మధ్యాహ్నం లోవయ్య, తాడు కట్టిన చెక్క పలకను కంటి ముందు పట్టుకుని సూర్యుడి ఎత్తు కొలిచేవాడు. సూర్యుడు ఇక పైకి ఎక్కడం ఆగగానే "ఇదిగో!" అని అరిచేవాడు. సింగరాచారి గడియారం చూసేవాడు. రంగం రేవులో దిగి చూసేసరికి తేడా రెండు గడియల పైన మూడో వంతు వచ్చింది. సిద్ధాంతి గారి లెక్కే! లోవయ్య ఆచారిని కౌగిలించుకున్నాడు. ఆ రోజు నుంచీ సింగరాచారి కాళ్ళు నేలమీద ఆనలేదు.

సరుకు దించి, కొత్త సరుకు ఎక్కించి, మార్గశిరంలో ఈశాన్యపు గాలి పట్టుకుని తిరుగు ప్రయాణమయ్యారు. ఆ ఏడు చలి ముందే వచ్చింది. బయలుదేరిన ఐదో రోజు మధ్యాహ్నం నూకన్న చేయి తుడుచుకుంటూ గడియారం దగ్గరికి వచ్చాడు.

"ఆచారి గారండీ, దీనికి ఏం నూనె పోశారండీ?"

"కొబ్బరినూనె. ఎందుకు?"

"నా బుడ్డిలో కొబ్బరినూనె పొద్దున్నే పేరుకుపోతందండి. పుల్ల పెట్టి పొడిస్తే గాని రావటం లేదు. మీ గడియారంలో నూనె కూడా అలాగే గడ్డకట్టి, సక్రాలు బరువుగా తిరుగుతున్నాయేమోనని..."

సింగరాచారి మొహం ఎర్రబడింది. "నీ బుడ్డిలో మడ్డినూనె. ఇది నాలుగుసార్లు వడకట్టింది. కావాలంటే చూడు!" అని మూత తీసి చూపించాడు. నూనె నీళ్ళలా ఉంది.

"ఇప్పుడు ఎండెక్కింది కదండీ. ఈ వేళకి నా బుడ్డిలోదీ కరిగిపోద్ది. తెల్లారగట్ల ఒక్కసారి లేచి సూడండి బాబూ."

"అంటే నీ మాట నిజమో కాదో చూడటానికి నేను చలిలో పొద్దున్నే లేవాలా? నువ్వు పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో చూసుకో, పో!"

నూకన్న పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ రోజు పులుసులో ఉప్పు సరిగ్గానే ఉంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కోరంగికి దగ్గరవుతున్నకొద్దీ గడియారంలో తేడా తగ్గుతూ రావాలి. గడియారం మెల్లగా నడిస్తే, తేడా ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. అంటే ఒడ్డు ముందుకొచ్చేసినా, ఇంకా దూరమే అని చెబుతుందన్నమాట. తప్పు చెప్పే గడియారం కంటే అసలు గడియారం లేకపోవడమే నయం. గడియారం లేకపోతే సరంగు కనీసం భయపడతాడు.

లోవయ్యకు భయం పోయింది. ఇదివరకు ఒడ్డు వస్తుందేమోనన్న అనుమానం రాగానే తాడుకు సీసం గుండు కట్టి నీళ్ళలోకి వదిలి, లోతు చూసుకునేవాడు. ఇప్పుడు ఆ గుండు ఒక మూలన పడి ఉంది. పదిహేనో రోజు మధ్యాహ్నం గడియారం చూసి, "ఇంకా పాతిక ఆమడలుంది. రెండు రోజుల పని" అన్నాడు సింగరాచారి. తెరచాపలన్నీ విప్పి ఉన్నాయి. ముందు పలచగా మంచు కమ్మి, దూరం ఏమీ కనిపించడం లేదు.

ఆ సాయంత్రం నూకన్న కుండ కడుగుదామని సముద్రంలోకి బొక్కెన వదిలి నీళ్ళు తోడాడు. నీళ్ళలో చెయ్యి పెట్టి తీసి, వేళ్ళు రుద్ది చూసుకున్నాడు. గబగబా బొక్కెన తీసుకుని లోవయ్య దగ్గరికి పరుగెత్తాడు.

"సరంగూ, ఈ నీళ్ళు సూడు. ఒండ్రు. వేళ్ళకి అంటుకుంటంది. ఇది గోదారి మన్ను!"

లోవయ్య నీళ్ళు చూశాడు. గడియారం వైపు చూశాడు. తరవాత సింగరాచారి వైపు తిరిగాడు.

"ఆచారిగారూ, నీళ్ళు ఒక మాట సెబుతున్నాయి, మీ గడియారం ఇంకో మాట సెబుతోంది. ముప్ఫై రెండు మందిమి ఉన్నాం. మీ గడియారం సరైనదేనని మీరు గట్టిగా సెప్పగలరా? సెబితే ఇలాగే పోతాను. లేదంటే తెరచాపలు దించేస్తాను."

ఓడ మీద ఉన్నవాళ్ళంతా సింగరాచారి నోటివైపే చూస్తున్నారు. "సరైనదే" అన్న మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో నూకన్న చేతిలో బొక్కెన కనిపించింది. తెల్లారగట్ల ఒక్కసారి లేచి చూడండి బాబూ అన్న మాట గుర్తుకొచ్చింది. చూడలేదు. పది తెల్లవారుజాములు గడిచాయి, ఒక్కనాడైనా లేచి చూడలేదు. ఎందుకు చూడలేదో అతనికి తెలుసు. నూకన్న మాట నిజమవుతుందేమోనని భయపడి చూడలేదు. మూడేళ్ళ కష్టం, రంగంలో అందరూ మెచ్చుకున్న గడియారం, తప్పు ఒప్పుకుంటే పోతాయి. ఒప్పుకోకపోతే ముప్ఫై రెండు ప్రాణాలు పోవచ్చు.

"చెప్పలేను" అన్నాడు సింగరాచారి. "నూకన్న చెప్పాడు. నేను వినలేదు. తెరచాపలు దించు లోవయ్యా! గుండు వెయ్యి!"

గుండు వేశారు. ఆరు బారల లోతు. ఇంకోసారి వేశారు. నాలుగు! తెరచాపలు దబదబా కిందికి దిగాయి. లంగరు పడింది. ఓడ జోరు తగ్గింది గాని పూర్తిగా ఆగలేదు. అడుగున కరకరమని చప్పుడైంది. చుక్కాని ఫెటీలున విరిగింది. ఓడ ఒక్కసారి ఒరిగి, మెత్తటి ఒండ్రులో కూరుకుని నిలబడిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

కాసేపటికి మంచు విడింది. అరక్రోసు దూరంలో కోరంగి మడచెట్లు పచ్చగా కనిపించాయి. వాటికి ఇవతల, ఓడ పోతున్న దారిలోనే, పెద్ద ఇసుక దిబ్బ మీద అలలు తెల్లగా విరుగుతున్నాయి. తెరచాపలతో అదే జోరులో దాని మీదికి పోయి ఉంటే చెప్పుకోవడానికి ఎవరూ మిగిలేవారు కారు. లోవయ్య అక్కడే కూలబడి రెండు చేతులూ జోడించాడు.

మర్నాడు పోటు మీద పడవలు వచ్చి ఓడను రేవులోకి లాక్కొచ్చాయి. రేవంతా జనం. గడియారం దారి చూపించి ఓడను ఇంటికి తెచ్చిందని అప్పుడే పుకారు పుట్టింది. ఎవరో సన్నాయి కూడా పిలిపించారు. విరిగిన చుక్కాని సంగతి ఎవరికీ పట్టలేదు. సింగరాచారి నోరు మూసుకుని ఉంటే మెడలో దండ పడేదే.

అతను తిన్నగా బంగారమ్మ గారి ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"అమ్మా, సన్నాయి ఆపించండి. నా గడియారం తప్పు చెప్పింది. చలికి నూనె గడ్డకట్టి వెనకబడింది. నూకన్న పది రోజుల ముందే హెచ్చరించాడు. నేను తిట్టి పంపించాను. అయినా అతను అలిగి కూర్చోలేదు. నిన్న మళ్ళీ వచ్చి చెప్పాడు. మీ మనుషుల్ని మీకు తెచ్చి ఇచ్చింది నా గడియారం కాదు, నూకన్న."

సన్నాయి ఆగిపోయింది. బంగారమ్మ గారు ముప్ఫై రెండుమందినీ ఒక్కొక్కరినే తేరిపార చూసింది. నూకన్న దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కళ్ళు నిండాయి. "నీ చలవ వల్ల ఇన్ని ఇళ్ళలో ఈ పూట పొయ్యి వెలుగుతుంది నూకన్నా" అంది. తరవాత సింగరాచారితో, "మరి ఇప్పుడేం చేస్తావు?" అని అడిగింది.

"అతన్ని మా ఇంటికి తీసుకుపోతానమ్మా, వస్తే."

నూకన్న వచ్చాడు. సింగరాచారి తన పనిశాలలో తాను కూర్చునే పీట మీద అతన్ని కూర్చోబెట్టాడు. సుభద్ర తెచ్చిన మజ్జిగ తన చేతులతో అందించాడు. తరవాత నేల మీద కూర్చుని, గడియారం మూత విప్పి, అతని ముందు పెట్టాడు.

"నిన్న నేను బతికి బయటపడ్డాను. నా భార్య పసుపుకుంకుమలతో ఉంది. అంతా నీ వల్లే. ఈ రుణం నేను తీర్చుకోలేను నూకన్నా. ఒక్కటి మాత్రం చెయ్యగలను. దీనిలో ఇంకా ఏమేం తప్పులున్నాయో చెప్పు. ఈసారి వింటాను."

నూకన్న ఇబ్బందిగా నవ్వాడు. "నాకేం తెలుసండీ సక్రాల సంగతి? నాకు తెలిసిందల్లా నూనె ఒక్కటే. నువ్వులనూనె ఎంత సలికైనా పేరుకోదండి. అది పోసి సూడండి."

సింగరాచారి అలాగే చేశాడు. మరుసటి ఏడు ఆ గడియారం చలిలో కూడా రంగం వెళ్ళి సరిగ్గా తిరిగి వచ్చింది. ఆ తరవాత ఒకనాడు లోవయ్య మొహమాటపడుతూ గుమ్మంలో నిలబడి, నువ్వులనూనె ఎండల్లో నాలుగు నెలలకల్లా జిగురుగా మారుతోందని, గడియారం మళ్ళీ వెనకబడుతోందని చెప్పాడు. చెప్పి, తిట్లకు సిద్ధంగా ఒక అడుగు వెనక్కి వేశాడు.

సింగరాచారి లేచి ఎదురు వెళ్ళాడు. "మంచి మాట చెప్పావు లోవయ్యా. నువ్వు చెప్పకపోతే నాకెలా తెలిసేది? లోపలికి రా, కూర్చో" అన్నాడు. ఇద్దరూ కూర్చుని ఇరుసుల్లో నూనె అంతగా అక్కర్లేకుండా ఎలా చేయాలా అని పొద్దు గూకేదాకా మాట్లాడుకున్నారు. అలా వచ్చి తప్పులు చెప్పినవాళ్ళ వల్లే, ఆ తరవాత చాలా ఏళ్ళు, బంగారమ్మ గారి ఓడలు వెళ్ళిన మనుషులందరితోనూ ఇంటికి చేరేవి.

మన పనిలో తప్పు చూపించినవాడు మనకు మేలు చేసినవాడు. అలాంటివాడికి మనం ఇవ్వవలసింది కోపం కాదు, కృతజ్ఞత.